హీజెన్-థార్ప్ సముద్రగర్భ పటం, గోడ ప్రింటు: ఐదుకి నాలుగు

ముందే చెప్పేస్తున్నా, ఇది అందరికీ పనికొచ్చే వస్తువు కాదు. సోఫా వెనక గోడకి అందంగా ఏదో ఒకటి ఉండాలి అనుకునేవాళ్ళు వేరేది చూసుకోండి, ఎందుకంటే దీన్ని తగిలించాక ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఇదేంటి, సముద్రాల్లో నీళ్ళేవి?" అని అడుగుతారు, మీరు మొదలుపెట్టాలి, చెప్పేలోపు కాఫీలు చల్లారిపోతాయి. కానీ సముద్రం అడుగున నేల పుట్టడం, ఖండాలు జరగడం అనే పాఠాన్ని స్కూల్లో రెండు పేరాల్లో చదివి పరీక్ష రాసి మర్చిపోయినవాళ్ళకి, ఇప్పుడు పిల్లలకి అదే చెప్పాల్సొచ్చినవాళ్ళకి, ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలీదు.

వస్తువేమిటంటే, ప్రపంచంలోని సముద్రాలన్నిట్లో నీళ్ళు తీసేస్తే అడుగు ఎలా ఉంటుందో చూపించే పటం. 1977లో వచ్చింది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లామాంట్ పరిశోధనాలయంలో బ్రూస్ హీజెన్, మేరీ థార్ప్ పాతికేళ్ళు పోగేసిన కొలతలకి ఆస్ట్రియా చిత్రకారుడు హైన్రిక్ బెరాన్ చేత్తో రంగులు వేశాడు, డబ్బు అమెరికా నౌకాదళ పరిశోధన విభాగం ఇచ్చింది. పాత ముద్రిత కాపీలు విదేశీ సైట్లలో దొరుకుతాయి కానీ షిప్పింగ్ చూస్తే కళ్ళు తిరుగుతాయి. బెరాన్ పెయింటింగు స్కాన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉంది, పెద్ద ఫైలు, దించుకుని మన ఊళ్ళోనే ప్రింటు వేయించుకోవచ్చు. నేను చేసింది అదే. షాపులో కుర్రాడు ఫైలు తెరిచి "ఇది ఏ దేశం మ్యాపు సార్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే, ఎందుకంటే కంటికి ముందు కనబడేవి దేశాలు కావు. ఖండాలు వెనక్కి పోయి, వాటి మధ్య ఎక్కడా తెగకుండా మెలికలు తిరుగుతూ పోయే ఒక కొండల వరసే పటమంతా ఆక్రమించేస్తుంది.

ఆ వరసే మిడ్ ఓషన్ రిడ్జ్. ఐస్‌లాండ్ దగ్గర వేలు పెట్టి అట్లాంటిక్ నడిమధ్యగా కిందికి దిగండి, ఆఫ్రికా అడుగు చుట్టి హిందూ మహాసముద్రంలోకి రండి, అక్కడ నుంచి ఆస్ట్రేలియా కింద మీదుగా పసిఫిక్‌లోకి వెళ్ళి మెక్సికో పక్కన పైకెక్కండి. మొత్తం సుమారు 65,000 కిలోమీటర్లు. భూమ్మీద ఇంత పొడవైన పర్వతశ్రేణి ఇంకోటి లేదు, కానీ ఐస్‌లాండ్ లాంటి కొన్ని చోట్ల తప్ప ఎక్కడా నీటి పైకి రాదు. ఈ సంగతి పుస్తకంలో ఒక వాక్యంగా చదవడం వేరు, గోడ మీద చూడటం వేరు. దక్షిణ అట్లాంటిక్ చూడండి. బ్రెజిల్ తీరం ఎలా వంగిందో ఆఫ్రికా తీరం అలాగే వంగింది, మధ్యలో రిడ్జ్ కూడా సరిగ్గా అదే వంపు తిరిగింది. దీని తర్వాత ఖండాలు విడిపోయాయని ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో తొమ్మిదో క్లాసు చదివే మేనకోడలు ఎవరూ చెప్పకుండానే "ఇక్కడే చిరిగింది కదా మావయ్యా" అంది.

ఇక పటం అసలు బలం గురించి. రిడ్జ్ నడినెత్తిన ఒక సన్నటి లోయ గీసి ఉంటుంది, అట్లాంటిక్‌లో స్పష్టంగా తెలుస్తుంది. ఆ లోయే థార్ప్ కనిపెట్టింది. 1952లో ఆమె ఉత్తర అట్లాంటిక్‌ని అడ్డంగా దాటిన ఓడల లోతు కొలతల్ని ఆరు వరసలుగా గీసి పక్కపక్కన పెట్టింది. కొండలు ఒకదానితో ఒకటి పెద్దగా కలవలేదు, కానీ అన్నిట్లోనూ శిఖరం దగ్గర 'వి' ఆకారంలో ఒక గంటు ఉంది. ఇది భూమి పగిలి విడిపోతున్న చోటు అంది. అప్పట్లో ఖండాలు కదులుతాయన్న మాట అమెరికా భూగర్భ శాస్త్రవేత్తల దగ్గర ఎత్తితే నవ్వేవారు, హీజెన్ కూడా ఆడపిల్లల కబుర్లు అని కొట్టిపారేశాడు. ఆ పక్కనే హోవర్డ్ ఫోస్టర్ అనే చిత్రకళ చదువుకున్న కుర్రాడు, చెవులు వినిపించవు, సముద్రంలో భూకంపాలు వచ్చిన చోట్లన్నీ వేరే పటం మీద చుక్కలుగా పెడుతున్నాడు, సముద్రం అడుగున వేసే టెలిఫోన్ కేబుళ్ళు తెగే చోట్లు తెలుసుకోవడానికి. రెండు పటాలూ ఒకే కొలతలో ఉన్నాయి. లైటు బల్ల మీద ఒకదానిపై ఒకటి పెడితే భూకంపాల చుక్కలు వరసగా వెళ్ళి ఆమె లోయలోనే పడ్డాయి. దాంతో కథ మారిపోయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఈ పటం మీద నమ్మకం, అనుమానం రెండూ దీని మీదే ఆధారపడ్డాయి. ఓడలు తిరగని సముద్రంలో కొలతలు లేవు, కానీ భూకంపాలు ప్రపంచంలో ఎక్కడ వచ్చినా భూకంప కేంద్రాల్లో నమోదవుతాయి. కాబట్టి చుక్కల వరస ఉన్న చోటల్లా రిడ్జ్, లోయ ఉండాలి అని వీళ్ళు ఊహించి గీశారు. పైగా అప్పట్లో కచ్చితమైన లోతు రేఖలు బయటపెట్టడానికి అమెరికా నౌకాదళం ఒప్పుకోలేదు, అందుకే విమానంలోంచి చూసినట్టు బొమ్మలా గీయడం మొదలుపెట్టారు, 1957లో ఉత్తర అట్లాంటిక్ పటం అలాగే వచ్చింది. ప్రభుత్వం పెట్టిన అడ్డంకి వల్ల మనకి ఇంత చక్కటి బొమ్మ మిగిలింది. అన్నట్టు ఆ రోజుల్లో ఆడవాళ్ళని పరిశోధన ఓడ ఎక్కనిచ్చేవారు కాదు, ఆమె ఆ లోయని కనిపెట్టింది ఒడ్డున బల్ల ముందు కూచునే. ఇక హీజెన్ ఈ పటం వచ్చిన 1977లోనే, ఐస్‌లాండ్ దగ్గర ఇదే రిడ్జ్‌ని చూడటానికి జలాంతర్గామిలో వెళ్ళి అక్కడే గుండెపోటుతో చనిపోయాడు.

సరే, ఇప్పుడు లోపాలు. ఉన్నాయి, తక్కువేం కాదు.

పెద్ద లోపం ఎత్తులు. బొమ్మలో రిడ్జ్ హిమాలయాల్లా నిక్కబొడుచుకుని ఉంటుంది. వాస్తవంలో అంత నిటారు కాదు. శిఖరం సముద్రమట్టానికి సుమారు 2,500 మీటర్ల లోతులో ఉంటే, అటూ ఇటూ వెయ్యి కిలోమీటర్లకు పైగా పోయాక అడుగు 5,000 మీటర్లకు దిగుతుంది. లెక్కేసుకోండి, వాలు డిగ్రీలో నాలుగో వంతు కూడా రాదు. మీరు అక్కడ నిలబడగలిగితే ఎక్కుతున్నారో దిగుతున్నారో కూడా తెలీదు. కంటికి కనబడాలని నిలువు కొలతని బాగా సాగదీశారు, పటాల్లో అది మామూలే, కానీ చూసే పిల్లలకి ఆ మాట చెప్పకపోతే రిడ్జ్ అంటే హిమాలయాల్లా ముడతపడి లేచిన కొండలు అనుకుంటారు. నిజానికి దీని పుట్టుక దానికి పూర్తిగా ఉల్టా. అక్కడ రెండు పలకలు, అంటే భూమి పైపొర ముక్కలు, నొక్కుకున్నాయి, ఇక్కడ రెండు పలకలు విడిపోతున్నాయి. పైనున్న పలకలు పక్కకి జరిగితే వాటి అడుగున ఉండే వేడి రాయి, మాంటిల్ అంటారు, పైకి లేస్తుంది, లేస్తుంటే దాని మీద ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే వేడి కొత్తగా చేరకపోయినా కొంచెం కరుగుతుంది. ఆ కరిగినది పైకొచ్చి గడ్డకట్టి ఆరేడు కిలోమీటర్ల మందం బసాల్టు అనే నల్లరాతి పొర అవుతుంది. అది కొత్తగా ఉన్నప్పుడు వేడిగా, ఉబ్బి, ఎత్తుగా ఉంటుంది, దూరం జరిగే కొద్దీ చల్లబడి కుదించుకుని కిందికి దిగుతుంది. రిడ్జ్ ఎత్తుకి అసలు కారణం వేడే.

రెండోది, వయసు లేదు. సముద్రగర్భం విస్తరిస్తోంది అన్న విషయానికి ప్రాణం వయసులో ఉంది, ఈ పటంలో అది ఎక్కడా కనబడదు. శిఖరం దగ్గర నేల ఇవాళ్టిది, పక్కకి పోయే కొద్దీ పాతది, ఎంత వెతికినా సుమారు 18 కోట్ల ఏళ్ళు దాటిన సముద్రపు నేల పశ్చిమ పసిఫిక్‌లో కూడా దాదాపు దొరకదు, ఎందుకంటే అంతకంటే పాతది అగాధాల్లోంచి మళ్ళీ లోపలికి పోయింది. దీనికి విడిగా సముద్రగర్భ వయసు పటం, ఎరుపు నుంచి నీలం దాకా రంగుల పట్టీలతో ఉండేది, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చిన్న సైజులో వేయించి దీని పక్కన పెట్టండి. ఒకటి లేకుండా ఇంకోటి సగం పాఠమే.

మూడోది మెర్కేటర్ ప్రొజెక్షన్, అంటే ధ్రువాల వైపు పోయే కొద్దీ సాగదీసి చూపించే పటం పద్ధతి. దక్షిణ సముద్రం విపరీతంగా సాగిపోయింది, పైగా అక్కడ కొలతలు తక్కువ ఉన్న రోజులు, కాబట్టి అంటార్కిటికా చుట్టూ గీతలు కొన్ని చోట్ల మరీ పద్ధతిగా, వరసగా ఉన్నాయి. తర్వాత ఉపగ్రహాలు సముద్రమట్టపు ఎత్తుపల్లాల్ని కొలిచి అడుగుని అంచనా కట్టాక అక్కడి బొమ్మ చాలా మారింది. అయితే మరీ వెక్కిరించకండి, శబ్దం పంపి ప్రతిధ్వనితో లోతు తేల్చే ఆధునిక సోనార్‌తో సరిగ్గా కొలిచింది 2025 నాటికి కూడా ప్రపంచ సముద్రగర్భంలో 27 శాతం చిల్లరే. కంప్యూటర్లో దొరికే ఉచిత గ్లోబులు చూస్తే కచ్చితత్వం ఎక్కువే కానీ ఓడలు పోయిన దారులు గోకిన గీతల్లా మధ్యమధ్య కనబడుతుంటాయి, మొత్తం ఒక్క చూపులో అందదు. రెండూ వాడి చూసి చెప్తున్నా, నేర్చుకోవడానికి పెయింటింగే మేలు.

ఇంకొక చిన్న చిరాకు, నేను వేయించిన దాంట్లో పేర్లు లేవు. స్కాన్ పెయింటింగుది కాబట్టి. మొదట బాధపడ్డా, తర్వాత సన్న పెన్సిలుతో నేనే తెలుగులో రాసుకుంటున్నా, అది బావుంది.

మనవాళ్ళకి ఈ పటంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది హిందూ మహాసముద్రంలో, కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడండి. మారిషస్‌కి తూర్పుగా, దక్షిణంగా చూస్తే మూడు రిడ్జ్‌లు ఒకచోట కలిసి తలకిందులు చేసిన 'వై' అక్షరంలా ఉంటాయి, రోడ్రిగ్స్ ట్రిపుల్ జంక్షన్. ఉత్తరంగా వచ్చేది సెంట్రల్ ఇండియన్ రిడ్జ్, అదే ముందుకొచ్చి అరేబియా సముద్రంలో కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అవుతుంది. అవును, ఆ బీరు కంపెనీ పేరే. 1928-30లో తిరిగిన డానిష్ ఓడ డానాకి డబ్బిచ్చింది కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్. నైరుతికి పోయేది ఏడాదికి సెంటీమీటరున్నర చొప్పున తెరుచుకుంటుంది, ఆగ్నేయానికి పోయేది ఆరేడు సెంటీమీటర్లు. తేడా బొమ్మలోనే కనబడుతుంది, మెల్లగా విడిపోయేది గరుకుగా, లోయ లోతుగా, వేగంగా పోయేది నునుపుగా. పసిఫిక్‌లో ఈస్ట్ పసిఫిక్ రైజ్ ఇంకా వేగం, కొన్ని చోట్ల ఏడాదికి 15 సెంటీమీటర్లు, అక్కడ మధ్య లోయ దాదాపు ఉండదు. ఈ ఒక్క విషయాన్ని ఇంత సులువుగా చూపించే పటం వేరే చూడలేదు.

కార్ల్స్‌బర్గ్ దగ్గరే సముద్రగర్భ విస్తరణకి గట్టి సాక్ష్యం దొరికింది, ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో పెద్దక్షరాలతో ఉండాలి. 1962లో హెచ్.ఎం.ఎస్. ఓవెన్ అనే బ్రిటిష్ ఓడ మీద డ్రమండ్ మాథ్యూస్ ఈ రిడ్జ్ పైన అయస్కాంత కొలతలు తీశాడు. కేంబ్రిడ్జ్‌లో ఆయన విద్యార్థి ఫ్రెడ్ వైన్ వాటితో కుస్తీ పట్టి తేల్చిందేమిటంటే, బసాల్టు గడ్డకట్టేటప్పుడు అప్పటి భూమి అయస్కాంత దిశ దాంట్లో ముద్రపడుతుంది, ఆ దిశ అప్పుడప్పుడు తిరగబడుతుంది, చివరిసారి సుమారు 7,80,000 ఏళ్ళ కింద, కాబట్టి రిడ్జ్‌కి రెండు వైపులా ఒకే రకం చారలు జంటలుగా ఉండాలి. 1963లో ఇద్దరూ అచ్చువేయించారు. కెనడాలో లారెన్స్ మోర్లీ అదే ఏడాది అదే ఆలోచన రాసి పంపితే పత్రికలు తిప్పికొట్టాయి, పాపం. అంతకుముందు అమెరికా భూగర్భ శాస్త్రవేత్త హ్యారీ హెస్ చెప్పిన విస్తరణ సిద్ధాంతాన్ని ఆయనే భూకవిత్వం అన్నాడు, ఈ చారలతో అది శాస్త్రం అయింది. చారలు ఈ పటంలో లేవు, వయసు పటంలో ఉన్న రంగుల పట్టీలు చాలావరకు ఆ చారల లెక్కతో వచ్చినవే.

తర్వాత పటంలో రిడ్జ్‌ని అడ్డంగా కోస్తూ పోయే వందల గీతలు చూడండి. కుట్టు మిషను మీద బట్ట జారి పక్కన మళ్ళీ మొదలైన కుట్టులా రిడ్జ్ ముక్కలు ముక్కలుగా పక్కకి జరిగి ఉంటుంది. అట్లాంటిక్‌లో భూమధ్యరేఖ దగ్గర రొమాంచ్ అనే చోట జరుగుడు దాదాపు 900 కిలోమీటర్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఈ గీత పొడవునా నేల కదలడం లేదు. రెండు రిడ్జ్ ముక్కల మధ్య ఉన్న భాగంలోనే అటు నేల ఒక వైపు, ఇటు నేల ఇంకో వైపు పోతాయి, భూకంపాలు అక్కడే వస్తాయి, దాని అవతల ఉన్నది పాత మచ్చ. 1965లో కెనడా శాస్త్రవేత్త టుజో విల్సన్ ఇది చెప్పాడు, 1967లో అమెరికా శాస్త్రవేత్త లిన్ సైక్స్ భూకంపాల లెక్కతో అవునని తేల్చాడు.

ఇక మన తీరం. చూసినవాళ్ళందరూ అడిగేది ఒక్కటే, బంగాళాఖాతంలో ఏమీ లేదేంటి, బల్లపరుపుగా ఉందేంటి అని. తప్పు కాదు, అక్కడ నిజంగానే అంతే. ఆంధ్ర తీరం దగ్గర సుమారు 13 కోట్ల ఏళ్ళ కింద ఇండియా, అంటార్కిటికా విడిపోయాయి, అక్కడా ఒకప్పుడు రిడ్జ్ ఉండేది, కృష్ణా గోదావరి బేసిన్ ఆ చీలికలో పుట్టిందే. విశాఖ కొండల్లో కనబడే ఖొండలైటు రాళ్ళున్న తూర్పు కనుమలకి జోడు శిలలు అంటార్కిటికా తీరంలో ఉన్నాయి. కానీ హిమాలయాలు లేచాక గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిపోసిన మట్టి, మన గోదావరి కృష్ణల వాటా కూడా కలిపి, కిలోమీటర్ల మందాన పరుచుకుని అడుగున ఉన్న కొండల్ని కప్పేసింది. 85 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్న ఒక రిడ్జ్ బంగాళాఖాతంలో ఆ మట్టి కిందే ఉంది. దానికి తూర్పున మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉత్తర దక్షిణాలుగా ఒక వరస కనబడుతుంది, నైంటీ ఈస్ట్ రిడ్జ్, సుమారు 5,000 కిలోమీటర్లు. దీన్ని చూసి ఇదీ మిడ్ ఓషన్ రిడ్జే అనుకుంటారు, కాదు. మన పలక ఒక హాట్‌స్పాట్, అంటే లోపల్నుంచి లావా పొంగే చోటు, మీదుగా ఉత్తరానికి పోతుంటే వెనకాల మిగిలిన లావా జాడ అది. పశ్చిమాన లక్షద్వీప్, మాల్దీవుల వరస కూడా అలాంటిదే, దాని మొదటి చివర దక్కన్ లావా, ఆ లావా మన రాజమండ్రి దాకా వచ్చింది. అప్పట్లో ఇండియా ఏడాదికి 18 సెంటీమీటర్ల దాకా పరుగెత్తింది. ఎందుకంత వేగం అంటే, మన పలక మందం తక్కువ, 100 కిలోమీటర్లే అని 2007లో హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్.జి.ఆర్.ఐ. వాళ్ళు ఇంకొందరితో కలిసి నేచర్ అనే శాస్త్ర పత్రికలో ఒక కారణం రాశారు.

ఈ పటం స్కేలులో మనవి కొన్ని దొరకవు, అది కొంచెం లోటు. 1950లలో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి సముద్ర శాస్త్రం చెప్పాడు, తూర్పు తీరం అడుగున ఉన్న లోయలకి ఆంధ్ర, మహదేవన్, కృష్ణా అని పేర్లు పెట్టాడు, భూగర్భ శాస్త్రం ప్రొఫెసర్ సి. మహదేవన్ పేరు అలా సముద్రంలోకి ఎక్కింది. ఎంత దగ్గరికెళ్ళి చూసినా అవి తెలీవు. వేడినీటి ఊటలు కూడా పటంలో లేవు, పటం వచ్చిన 1977లోనే గాలాపగోస్ దగ్గర మొదటిసారి దొరికాయి మరి. ఇప్పుడు ఇండియా వెతికేది వాటి చుట్టూ పేరుకున్న ఖనిజాల కోసమే, 2016లో సెంట్రల్, నైరుతి రిడ్జ్‌ల మీద 10,000 చదరపు కిలోమీటర్లకి అంతర్జాతీయ ఒప్పందం చేసుకుంది, 2025లో కార్ల్స్‌బర్గ్‌కి కూడా. నేను ఆ చోట్లకి ఎర్ర పిన్నులు గుచ్చా.

ప్రింటు సంగతి. ఫ్లెక్సు మీద మాత్రం వేయించకండి. మెరుస్తుంది, లైటు పడితే అట్లాంటిక్ సగం కనబడదు, నీలాలన్నీ ఒకటే నీలం అయిపోతాయి, ఈ పటం అంతా ఉన్నదే ఆ నీలాల తేడాలో. మొదట వెళ్ళిన షాపులో "రంగు కొంచెం డల్‌గా ఉంది సార్, పెంచా" అని అడక్కుండా పెంచేశాడు, సముద్రం పెళ్ళి పందిరి రంగుకొచ్చింది, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. రెండో చోట మాట్ పేపరు మీద, రంగులు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి వేయించా, బ్రహ్మాండంగా వచ్చింది. కాన్వాస్ కూడా చూశా, నేత గరుకులో సన్న గీతలు పోతున్నాయి, వద్దు. వెడల్పు నాలుగడుగులకి తగ్గితే లోయ కనబడదు, ఆరడుగులైతే హాయి. ప్రింటు కంటే ఫ్రేముకే ఎక్కువైంది, అద్దం వేయించుకుంటే మళ్ళీ మెరుపు గొడవే, నేను అద్దం లేకుండా బోర్డుకి అతికించా, అందుకే పిన్నులు గుచ్చగలుగుతున్నా. వంటింటి వైపు గోడ మాత్రం వద్దు, తాలింపు జిడ్డు మాట్ పేపరుకి పడితే పోదు.

ఐదుకి నాలుగు. తీసేసిన ఒకటి వయసు లేనందుకు, మెర్కేటర్‌కి కలిపి. స్కూళ్ళలో జాగ్రఫీ చెప్పేవాళ్ళు తప్పకుండా వేయించండి, రాజకీయ పటం పక్కన ఇదొకటి తగిలించడానికి అయ్యేది చాలా తక్కువ. ఇంట్లో పెట్టుకునేవాళ్ళు మాత్రం ముందు గోడ కొలిచి, తర్వాత షాపుకి వెళ్ళండి.